నోరులేని పేషెంట్లు, నోరున్న ఓనర్లు: వెట్ క్లినిక్ కబుర్లు ఇక్కడ చెప్పుకుందాం

తోకలడాక్టర్ | శనివారం, రాత్రి 8:05

అందరికీ నమస్తే. పదకొండేళ్లుగా వెట్‌గా, అంటే జంతువుల డాక్టర్‌గా, కుక్కల్నీ పిల్లుల్నీ చూస్తున్నా, రోజుకి పాతిక మంది పేషెంట్లు, అంటే వంద కాళ్లు. ఇవాళ ఒకాయన లాబ్రడార్‌ని తీసుకొచ్చి సార్ పొట్ట మీద గోమారి పట్టుకుంది, రెండ్రోజుల్నించి పీకుతున్నా ఊడట్లేదు, పైగా వీడు అరుస్తున్నాడు అన్నాడు. టార్చ్ వేసి చూస్తే చనుమొన. మగకుక్కలకి కూడా ఉంటాయండీ అన్నా. ఆయన నమ్మలేదు. రెండోపక్క సరిగ్గా అదే వరసలో ఉన్నది చూపించా, దాని కిందది చూపించా, అలా ఎనిమిది లెక్కపెట్టేసరికి ఆయన కుక్క తలమీద చెయ్యేసి "సారీ రా" అన్నాడు. పాపం ఆ ఒక్కటీ ఎర్రగా వాచిపోయింది, దానికి ఆయింట్‌మెంట్ రాసిచ్చి పంపించా.

ఇలాంటివి నవ్వుకోడానికి బోలెడున్నాయి గానీ నేను అడగాలనుకున్నది వేరే. మా పనిలో సగం వైద్యం, సగం కూపీ లాగడం. పేషెంటు చెప్పలేడు, తెచ్చినవాళ్లు చెప్పరు. నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, ఏం తిన్నాడు అని, జవాబూ ఒకటే, ఏం లేదండీ రోజూ తినేదే అని. మొన్న ఒక స్పానియల్ కుక్క కడుపు ఎక్స్‌రే తీస్తే తాళంచెవి పళ్లతో సహా కనిపించింది, ఆ ఇంటావిడ దగ్గరకొచ్చి తేరిపార చూసి "ఇది మా బీరువాది" అంది, వారం నుంచి ఇల్లంతా తిరగేస్తున్నారట.

ఇక్కడ వెట్‌లు, క్లినిక్‌లో పనిచేసేవాళ్లు, పెంచుకునేవాళ్లు అందరూ ఉన్నారు కదా, మీ అనుభవాలు రాయండి. డాక్టర్ల మీద కోపం ఉన్నా రాయండి, నేనేం అనుకోను.

టేబుల్‌పక్కన | రాత్రి 8:19

నేను డాక్టర్ని కాదు సార్, పట్టుకునేవాడిని. ఆరేళ్ల నుంచి ఇదే పని. నా రెండు చేతుల మీదా కలిపి ఉన్న గాట్లలో ఒక్కటి కూడా "ఇది కరుస్తుంది జాగ్రత్త" అని చెప్పిన కుక్కది కాదు, అన్నీ "అబ్బే మావాడు చీమకి కూడా హాని చెయ్యడు" బాపతే. కరుస్తుంది అని చెప్తే దాని మూతికి మజిల్ అనే తొడుగు వేస్తాం, ఎవరికీ బాధలేదు, అది చెప్పడానికి ఏదో పరువు పోయినట్టు ఫీలవుతారు.

ఇంకోటి, కుంటుతోందని తీసుకొస్తారు, మా గుమ్మం తొక్కగానే అది నాలుగు కాళ్లమీదా లేడిపిల్లలా గెంతుతుంది, అప్పుడు ఓనర్ మొహం చూడాలి, ఒట్టండీ పొద్దున కుంటింది అని మాకు ప్రమాణాలు చేస్తారు. మాకు తెలుసండీ. భయానికి నొప్పి మర్చిపోతాయి. ఇంట్లో కుంటేటప్పుడే ఫోన్‌లో వీడియో తీసి తెండి.

సూది దారం కథ కూడా చెప్పాలి. ఒక పిల్లి కక్కుతోందని తెచ్చారు, డాక్టర్ గారు ముందు నోరు తెరిచి నాలుక కింద చూశారు, సన్నటి ఎర్ర దారం నాలుక మొదట్లో చుట్టుకుని లోపలికి పోయి ఉంది. నేను లాగేద్దామని చెయ్యి పెట్టబోతే ఆయన నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. లంగా బొందు లాగితే గుడ్డంతా కుచ్చుళ్లు పడ్డట్టు లోపల పేగు మొత్తం ఆ దారం మీద ముడుచుకుని ఉంటుందట, లాగితే దారం పేగుని కోసేస్తుంది. ఆపరేషన్‌లో నేనే కళ్లారా చూశా, అచ్చం కుచ్చుళ్లే. వెనకవైపు నుంచి దారం వేలాడుతున్నా సరే ఇంట్లో లాగొద్దు.

సగంనిద్ర | రాత్రి 8:31

డిగ్రీ అయ్యి ఏడాది, నైట్ డ్యూటీలు నావే, అందుకే ఈ పేరు.

కాలేజీలో గుండె చప్పుళ్లలో తేడాలు నెలల తరబడి నేర్పించారు, పిల్లి గుర్రుమంటుంటే ఆ గుండె ఎలా వినాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. స్టెత్ పెడితే లోపల మోటార్ సైకిల్ తప్ప ఏం వినపడదు. మొదటివారం నేను పావుగంట అలాగే నిలబడితే మా సీనియర్ వచ్చి మాట్లాడకుండా పక్కన సింకులో కుళాయి తిప్పారు. నీళ్ల చప్పుడుకి పిల్లి గుర్రు ఆపి అటు చూసింది, ఆ పది సెకన్లలో వినేయాలి. అన్ని పిల్లుల దగ్గరా పనిచెయ్యదు, కొన్నింటికి స్పిరిట్ దూది ముక్కు దగ్గర పెడితే ఆపుతాయి.

గుర్రుమంటోందంటే హాయిగా ఉందని అనుకోకండి. తుంటి విరిగిన పిల్లి కూడా నా చేతుల్లో గుర్రుమంది.

వీడియో విషయంలో పైన అన్న గారు చెప్పింది వంద శాతం కరెక్ట్. ఊపిరి ఆడట్లేదు చచ్చిపోతున్నాడు అని అర్ధరాత్రి పరిగెత్తుకొస్తారు, వీడియో చూస్తే రివర్స్ తుమ్ములు. కుక్క మెడ చాచి ముక్కుతో గుర్ గుర్ మని గాలి లోపలికి లాగుతుంది, చూడ్డానికి భయంకరంగా ఉంటుంది, ఎప్పుడో ఒకసారి వచ్చి అర నిమిషంలో అదే పోతే మామూలుగా కంగారు పడక్కర్లేదు. అదే ఫిట్స్ అయితే వీడియో బంగారం, ఎందుకంటే మా దగ్గరికి వచ్చేసరికి కుక్క తోకూపుతూ ఉంటుంది.

అనుమానప్పక్షి | రాత్రి 8:44

కోపం ఉన్నా రాయమన్నారు కాబట్టి రాస్తున్నా. మా కుక్కకి దురద. అంతే, దురద. తీసుకెళ్తే రక్తపరీక్ష అన్నారు, చెవిలో దూదిపుల్ల తిప్పి గాజు పలక మీద రాశారు, చర్మాన్ని బ్లేడుతో గీకారు, వీడు కీచుమన్నాడు. దురదకి ఇంజెక్షన్ ఇస్తే పోదా? ఇదివరకు ఇంకో చోట ఒక్క ఇంజెక్షన్ ఇచ్చారు రెండ్రోజుల్లో తగ్గిపోయింది, నెల తర్వాత మళ్లీ వచ్చిందనుకోండి అది వేరే సంగతి. మాట్లాడలేని జీవి కదా అని ఓనర్ జేబు మాట్లాడిస్తున్నారనిపిస్తోంది.

నాలుగుకాళ్లు | రాత్రి 8:52

@అనుమానప్పక్షి ఓనర్ జేబు మాట్లాడించడం అనే మాట బాగుంది అన్నా, రాసిపెట్టుకున్నా.

మాది బీగిల్, అంటే కడుపుకి అడుగు లేని జాతి. పోయినేడాది వీడు కక్కుతూ వణుకుతూ అటూ ఇటూ తిరుగుతూ గుండె డబడబా కొట్టుకుంటుంటే తీసుకెళ్లాం. డాక్టరమ్మ ఏం తిన్నాడు అంది. ఏం తినలేదు అని మావారు. బయట చెత్తేమైనా? లేదండీ వాడు ఇల్లు దాటలేదు. మా పాపకి అప్పుడు ఐదేళ్లు, కుర్చీలో కాళ్లు ఊపుకుంటూ "నాన్న చాక్లెట్ బార్ సోఫా మీద పెట్టి నిద్రపోయాడు, లేచాక లేదు, అమ్మకి చెప్పొద్దు అన్నాడు" అంది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. డాక్టరమ్మ మాత్రం పాప వైపు తిరిగి డార్కా, మిల్కా తల్లీ అని అడిగింది, అంతే, దాన్ని పెద్ద సాక్షిలా ట్రీట్ చేసింది.

తోకలడాక్టర్ | రాత్రి 9:10

@నాలుగుకాళ్లు మీ పాపని మా క్లినిక్‌కి పంపండి, ఉద్యోగం ఇస్తా.

డార్కా మిల్కా అని ఆవిడ అడగడం ఊరికే కాదు. చాక్లెట్‌లో కుక్కలకి విషమయ్యే థియోబ్రొమిన్ ఉంటుంది, మన ఒంట్లోంచి తొందరగా పోతుంది, కుక్క ఒంట్లోంచి చాలా నిదానంగా పోతుంది, డార్క్‌లో మిల్క్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కుక్క బరువెంత, తిన్నదెంత, ఏ రకం, ఎన్ని గంటలైంది, ఈ నాలుగూ తెలిస్తే లెక్క కట్టొచ్చు. తిన్న గంట రెండు గంటల్లోపు వస్తే ఇంజెక్షన్‌తో కక్కించేస్తాం, చాలాసార్లు కథ అక్కడితో అయిపోతుంది. అందుకే రేపర్ చింపింది చింపినట్టే తెండి. షుగర్‌లెస్ చూయింగ్ గమ్ అయితే ఇంకా తొందర, అందులో తీపి కోసం వేసే జైలిటాల్ ఉంటే కుక్కకి అరగంటలో షుగర్ పడిపోవచ్చు. ద్రాక్ష, ఎండుద్రాక్ష అయితే లెక్కలు కూడా పనిచెయ్యవు, ఒక కుక్క గుప్పెడు తిని తిరుగుతుంది, ఇంకోటి కాసిని తిని కిడ్నీలు పోగొట్టుకుంటుంది.

@అనుమానప్పక్షి మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. దురద అన్నది ఒకటే, దాని వెనక పురుగులు ఉండొచ్చు, ఫంగస్ ఉండొచ్చు, ఫ్లీ అనే గెంతే పురుగుల ఎలర్జీ ఉండొచ్చు, తిండి ఎలర్జీ ఉండొచ్చు. ఆ ఒక్క ఇంజెక్షన్ బహుశా స్టెరాయిడ్ అయ్యుంటుంది, దురద ఏదైనా అణిచేస్తుంది. కానీ చర్మంలో డెమొడెక్స్ అనే పురుగు ఉండి స్టెరాయిడ్ పడిందనుకోండి, ఒంట్లో కాపలా తగ్గి పురుగు విజృంభిస్తుంది, నెల తర్వాత మళ్లీ వచ్చింది అన్నారే, అందుకే గీకి చూడాలి. కొంచెం రక్తం ఊరేదాకా గీకాలి, ఆ పురుగు వెంట్రుక కుదుళ్లలో ఉంటుంది మరి, అందుకే వాడు కీచుమన్నాడు.

కానీ ఇదంతా మీకు అక్కడ చెప్పలేదు చూశారా, అది తప్పు. ఎందుకో చెప్పకుండా గీకితే నేనైనా మీలాగే అనుకుంటా. రోజుకి పాతిక మంది అన్నానుగా, ఇరవయ్యో వాడి దగ్గరికి వచ్చేసరికి మా నోరు కూడా పడిపోతుంది, అది మీ తప్పు కాదు.

కుందేలుచెవులు | రాత్రి 9:24

మా కుందేలు ఒకరోజు ఏమీ ముట్టలేదు, ట్రేలో గోళీల్లాంటి పెంటికలు కూడా లేవు. దగ్గర్లో ఉన్న డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన చూసి "నాకు కుందేళ్లు పెద్దగా తెలీవమ్మా, పొట్ట ఉబ్బింది, ఇది రేపటిదాకా ఆగే కేసు కాదు" అని తనే ఇంకో డాక్టర్‌కి ఫోన్ చేసి మమ్మల్ని పంపించారు. మందు లేదు, ఫీజు లేదు, తెలీదు అన్నారంతే. ఇప్పటికీ మా ఇంట్లో అందరికంటే గొప్ప డాక్టర్ ఆయనే. రెండో ఆయన పళ్లు చూశారు, వెనక దవడ పన్ను మొనదేలి నాలుకని కోస్తోంది, కుందేలు పళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయట, గడ్డి నమలకపోతే అరగవు. తినకపోతే పేగులు ఆగిపోతాయి, పైగా కక్కలేవు. సగం రోజు తినకపోతే ఇక ఆలోచించకుండా తీసుకెళ్లమన్నారు.

బూడిదరంగు | రాత్రి 9:40

అందరివీ చదువుతున్నా, చాలా బావున్నాయి. నేను మామూలు ఓనర్‌ని, నాకో చిన్న డౌట్ అండీ, మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా పిల్లి, మగాడు, మూడేళ్లు, పొద్దున్నుంచి లిట్టర్ ట్రేలోకి వెళ్లి కూర్చుని ముక్కుతున్నాడు, ఏమీ రావట్లేదు, బయటికొచ్చి కింద నాక్కుని మళ్లీ వెళ్తున్నాడు. మలబద్ధకం అనుకుంటా. నూనె పట్టొచ్చు అంటారు కదా, ఎన్ని చెంచాలు పట్టాలి? రేపు ఆదివారం, సోమవారం తీసుకెళ్దామనుకుంటున్నాం.

గోడమీదిపిల్లి | రాత్రి 9:46

మావాడికీ అలాగే అయిందండీ, తిండి మార్చాం, రెండ్రోజుల్లో సెట్ అయిపోయింది. నీళ్లు ఎక్కువ తాగించండి, కంగారేం లేదు.

సగంనిద్ర | రాత్రి 9:49

@బూడిదరంగు ఆగండి. ట్రేలో ఇసుక తడిసిందా? మూత్రం పడి గట్టిపడ్డ ఇసుక ముద్ద చివరిసారి ఎప్పుడు ఎత్తారు?

తోకలడాక్టర్ | రాత్రి 9:51

@బూడిదరంగు ఇది మలబద్ధకం కాకపోవచ్చు. మగపిల్లి పదేపదే ట్రేలో కూర్చుని ముక్కుతుంటే మూత్రం ఆగిపోయిందేమో అని ముందు అనుకోవాలి. సోమవారం కాదు, రేపు పొద్దున కాదు, ఇప్పుడే. రాత్రి తెరిచి ఉండే ఎమర్జెన్సీ ఎక్కడుందో ఫోన్ చేసి "మగపిల్లి, యూరిన్ బ్లాక్ అనుమానం" అనండి, ఆ మాట వింటే వాళ్లు రెడీగా ఉంటారు. పొట్ట నొక్కి చూడొద్దు. ఏమీ పట్టొద్దు. బయల్దేరండి.

బూడిదరంగు | రాత్రి 9:58

ఇసుక పొడిగానే ఉంది. నిన్న రాత్రి నుంచి ముద్దలు లేవు అనుకుంటా, నేనే సరిగ్గా చూడలేదు. ఇందాక ఒకసారి కక్కాడు కూడా. బుట్టలో పెట్టాం. వెళ్తున్నాం.

గోడమీదిపిల్లి | రాత్రి 10:06

నేను రాసింది తీసెయ్యమంటారా? మాది ఆడపిల్లి. ఆ తేడా ఉందని నాకు తట్టనేలేదు.

తోకలడాక్టర్ | రాత్రి 10:15

ఉండనివ్వండి, మీలాగే అనుకునేవాళ్లు ఇంకా ఉంటారు, చదువుతారు.

మగపిల్లి మూత్రనాళం చివర బాగా సన్నగా ఉంటుంది, మూత్రంలోని పలుకో జిగురో చిన్న బిరడాలా పడితే చాలు. మూత్రాశయం నిండి రాయిలా గట్టిపడుతుంది, బయటికి పోవాల్సిన పొటాషియం రక్తంలోకి ఎక్కుతుంది, పొటాషియం పెరిగితే గుండె నెమ్మదిస్తుంది, ఆగిపోతుంది కూడా. పూర్తిగా మూసుకుంటే ఒకటి రెండు రోజులే టైం. కక్కడం మొదలైందంటే ఇప్పటికే కొంత దూరం వెళ్లినట్టు. పొట్ట మీద చెయ్యి పెడితే లోపల పెద్ద నిమ్మకాయంత గట్టిగా దొరుకుతుంది, అది తగిలినప్పుడల్లా నా కడుపులో కూడా ఏదో తిరుగుతుంది.

ముందు గుండెకి కాపలాగా కాల్షియం ఇంజెక్షన్, సెలైన్, తర్వాత మత్తిచ్చి సన్నటి ట్యూబు. ఆ ట్యూబు లోపలికి వెళ్లేటప్పుడు వేళ్లకి ఇసుక గరగర తెలుస్తుంది, ఆగుతుంది, సెలైన్‌తో కడుగుతూ నెట్టాలి, ఆగుతుంది, ఉన్నట్టుండి జారిపోతుంది, ఎర్రటి మూత్రం గిన్నెలోకి దూకుతుంది. ఈ వృత్తిలో నాకు అంతకంటే సంతోషమిచ్చే చప్పుడు లేదు. మావిడకి ఈ మాట చెప్తే వింతగా చూసింది.

నాలుగుకాళ్లు | రాత్రి 10:21

ఆవిడ ఎమర్జెన్సీకి చేరారో లేదో, నాకు నిద్ర పట్టేలా లేదు.

సగంనిద్ర | రాత్రి 10:33

నాకూ అంతే, ఎలాగూ డ్యూటీలోనే ఉన్నా. ఇక్కడ ఐసోలేషన్‌లో పార్వో, అంటే వాంతులు, రక్తవిరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు, వచ్చిన కుక్కపిల్ల ఒకటి ఉంది, పదకొండు వారాలు. ఆ వాసన వర్ణించలేను, ఒకసారి పీలిస్తే జన్మలో మర్చిపోరు, తలుపు తెరవకముందే పార్వో అని చెప్పేస్తారు. ఓనర్లు ఒకటే మాట, టీకా వేయించాం కదా అని. ఒకటి వేయించారు. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణే మొదటి టీకాని పనిచెయ్యనివ్వకుండా చేస్తుంది ఒక్కోసారి, అది ఏ వారంలో తగ్గుతుందో ఒక్కో పిల్లకి ఒక్కోలా ఉంటుంది, అందుకే మూడు నాలుగు వారాలకోసారి వేస్తూ 16 వారాలు దాటేదాకా పోవాలి. 1978 ముందు ఈ జబ్బు కుక్కల్లో ఎవరికీ తెలీదు, రెండేళ్లలో ప్రపంచమంతా పాకింది. ఆ వైరస్ నేలమీద నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌కి చావదు, బ్లీచ్ కావాలి. ఆ పిల్ల ఇందాక తలెత్తి నా గ్లవ్ వాసన చూసింది. అంతే, పెద్దగా ఆశ పెట్టుకోవట్లేదు గానీ తలెత్తింది.

అనుమానప్పక్షి | రాత్రి 10:40

నూనె పట్టడం, తిండి మార్చడం, ఇవన్నీ జనం ఎందుకు చేస్తారంటే డాక్టర్ దగ్గరికెళ్తే తిడతారు కాబట్టి. ఇంతసేపు ఏం చేస్తున్నారు, ముందే తేవాల్సింది, చదువుకున్నారు కదా అని. నాకు జరిగింది.

తోకలడాక్టర్ | రాత్రి 10:58

మీరు ఈ మాట అన్నారు కాబట్టి నేను మొదట్లో రాద్దామా వద్దా అనుకుని మానేసింది ఇప్పుడు రాస్తా.

నేను ప్రాక్టీసు పెట్టిన రెండో ఏడాది. ఒకావిడ తెల్లపిల్లిని ఒళ్లో పెట్టుకుని వచ్చింది. మొహం ఉబ్బిపోయింది, పాదాలు ఉబ్బాయి, రొప్పుతోంది. పెదవి ఎత్తి చిగుళ్లు చూస్తే గులాబీ రంగు ఉండాల్సినవి బురద రంగులో ఉన్నాయి. నాకు అనుమానం వచ్చింది. "ఏం మందు వేశారు?" అన్నా. ఇప్పుడు రాస్తుంటే మామూలుగా కనిపిస్తోంది గానీ నేను అడిగిన గొంతు అది కాదు, పోలీసు గొంతు. ఏమీ వెయ్యలేదు అంది. ఏ మాత్రా వెయ్యలేదా, నిజం చెప్పండి. లేదు. మూడోసారి ఇంకా గట్టిగా అడిగా. ఆవిడ భర్త వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

నేను రక్తం తీశా, సిరంజిలో చాక్లెట్ రంగు. మిగతా కారణాలు వెతుకుతూ కూర్చున్నా. నలభై నిమిషాల తర్వాత ఆయన బండి తీయడానికి బయటికెళ్లినప్పుడు ఆవిడ నా దగ్గరికొచ్చి, ఒళ్లు వెచ్చగా ఉందని పారాసెటమాల్ సగం బిళ్ల వేశానండీ, నాకు వేసుకునే దాంట్లో సగమే కదా అని, అంది. పిల్లి ఒంటి వేడి మామూలుగానే 101, 102 ఫారన్‌హీట్ ఉంటుంది, మన చేతికి ఎప్పుడూ జ్వరంలాగే తగులుతుంది. పారాసెటమాల్‌ని విరిచి బయటికి పంపే ఏర్పాటు పిల్లి కాలేయంలో దాదాపు లేదు, ఆ విషం ఎర్రరక్తాన్ని ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది. విరుగుడు ఉంది, ఎన్-ఎసిటైల్ సిస్టీన్. ఎంత ముందు ఇస్తే అంత మంచిది. నా అల్మరాలోనే ఉంది, నలభై నిమిషాలు అక్కడే ఉంది.

తెల్లారుజామున పోయింది. ముందే ఇచ్చినా బతికేది కాదేమో, ఏమో. ఆవిడ సగం బిళ్ల వేసింది ప్రేమతో. నోరు మూసుకుంది నా వల్ల.

అప్పట్నించి ప్రశ్న మార్చా. "ఏం వేశారు" అనను. "ఇంట్లో అందరం ముందు ఏదో ఒకటి వేసి చూస్తాం, నేనూ మా ఇంట్లో అదే చేస్తా, మీరు ఏది వేశారు, బిళ్లా, సిరపా?" అంటా. పదిమందిలో ఆరుగురు ఏదో ఒకటి చెప్తారు, ఇంతకుముందు ఒక్కరు చెప్పేవారు. అంకె నా లెక్కే, ఎక్కడా అచ్చయింది కాదు.

టేబుల్‌పక్కన | రాత్రి 11:12

సార్, ఆ నలభై నిమిషాలు మా దగ్గర కూడా జరిగాయి, వేరే పేరుతో. కుక్కకి వేసే గోమార్ల మందు, మెడ మీద చుక్కలు వేసేది, పిల్లికి వేసి తీసుకొస్తారు, ఒళ్లంతా వణుకుతూ ఉంటుంది. కొన్నింట్లో ఉండే పెర్మెత్రిన్ కుక్కకి మందు, పిల్లికి విషం. డబ్బా మీద పిల్లి బొమ్మకి అడ్డగీత కొట్టి ఉంటుంది, చిన్నగా. ఎవరు చూస్తారు.

చివరి ఇంజెక్షన్ గురించి కూడా ఒక మాట, అడిగినవాళ్లు లేరు గానీ రాస్తున్నా. ముందే కొన్ని సంగతులు చెప్పకపోతే ఓనర్లు హడలిపోతారు. ముందు మత్తిస్తారు, తర్వాత మత్తుమందే ఎక్కువ మోతాదులో, ఒకటి రెండు నిమిషాల్లో గుండె ఆగుతుంది. కళ్లు మూతపడవు, సినిమాల్లో లాగా ఉండదు. గుండె ఆగాక కూడా ఒకటి రెండుసార్లు పెద్దగా ఊపిరి తీసినట్టు అవుతుంది, అది కండరాలు, వాడు కాదు. మూత్రం పోవచ్చు, అందుకే కింద గుడ్డ వేస్తాం.

నాలుగుకాళ్లు | రాత్రి 11:20

మా మొదటి కుక్కప్పుడు నేను గదిలో ఉండలేకపోయా. బయట మెట్ల మీద కూర్చున్నా. నాలుగేళ్లయింది, అది ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

టేబుల్‌పక్కన | రాత్రి 11:26

చాలామంది ఉండలేరు అక్కా. అలా బయటికి వెళ్లేవాళ్లని నేను ఒకటే అడుగుతా, ఇంట్లో ఏమని పిలుస్తారు అని. ఫైల్లో రాసిన పేరు కాదు, ముద్దుపేరు. ఒకాయన చాలాసేపు తటపటాయించి "బంగాళాదుంప" అన్నాడు. చివరిదాకా బంగాళాదుంపా బంగాళాదుంపా అంటూనే ఉన్నా. మీవాడి దగ్గరా ఎవరో ఒకరు ఉండే ఉంటారు.

అనుమానప్పక్షి | ఆదివారం, ఉదయం 7:15

ఆ పిల్లి సంగతి ఏమైనా తెలిసిందా? పొద్దున్నే లేచి ముందు ఇదే తెరిచా.

సగంనిద్ర | ఉదయం 7:22

ఇంకా లేదు. డ్యూటీ దిగాను. పార్వో పిల్ల రాత్రంతా కక్కలేదు.

అనుమానప్పక్షి | సోమవారం, సాయంత్రం 6:50

ఇవాళ మా కుక్కని మళ్లీ తీసుకెళ్లా, ఎందుకు గీకారో చెప్పండి అని నేనే అడిగా. డాక్టర్ ఏమీ అనకుండా లోపలికి పిలిచి మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టమన్నారు. చుట్టలాగా పొడుగ్గా ఒకటి, ముందు భాగంలో ఎనిమిది పొట్టి కాళ్లు, మెల్లగా కదులుతోంది. మావాడి చర్మంలోది. నేను ఒక ఐదు నిమిషాలు చూస్తూనే ఉన్నా, వెనక క్యూలో వాళ్లు దగ్గారు.

బిల్లు మాత్రం ఎక్కువే, ఆ మాట వెనక్కి తీసుకోను.

బూడిదరంగు | బుధవారం, మధ్యాహ్నం 2:10

ఇంతమంది అడుగుతున్నారని ఇప్పుడే చూశా, సారీ అండీ. ఇవాళ పొద్దున ఇంటికి తెచ్చాం. బ్లాకే. పొటాషియం బాగా పెరిగిందన్నారు, గుండె మెల్లగా కొట్టుకుంటోందని ముందు దానికే మందులిచ్చి తర్వాత ట్యూబు వేశారు, మూడు రోజులు ఉంచారు. సోమవారం దాకా ఆగి ఉంటే అని డాక్టర్ వాక్యం పూర్తిచెయ్యలేదు.

ఒక సంగతి మీకు చెప్పాలి. నూనె ఎన్ని చెంచాలు పట్టాలి అని అడిగానే, అప్పటికే మధ్యాహ్నం ఒకసారి పట్టేశా. సిరంజితో, బలవంతంగా. ఇక్కడ ఒప్పుకోడానికి సిగ్గేసింది. ఎమర్జెన్సీలో ఆయన ఏమైనా పట్టారా అని అడిగితే లేదన్నా. వాడిని లోపలికి తీసుకెళ్లాక బయట కుర్చీలో కూర్చుని ఇది తెరిచా, డాక్టర్ గారి తెల్లపిల్లి కథ అప్పుడే వచ్చింది. చదివి లేచి వెళ్లి తలుపు కొట్టా.

తోకలడాక్టర్ | మధ్యాహ్నం 2:31

ఆయన తిట్టారా?

బూడిదరంగు | మధ్యాహ్నం 2:38

లేదండీ. ఎన్నింటికి పట్టారు, పట్టేటప్పుడు దగ్గాడా అని అడిగారు, అంతే. దగ్గాడు. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా వస్తుందట, మత్తు ఇచ్చేముందే తెలియడం మంచిదైందని ఛాతీ ఎక్స్‌రే కూడా తీశారు. కుడివైపు కొంచెం మచ్చ ఉంది, దానికీ మందు మొదలుపెట్టారు.

ఇప్పుడు మంచం కిందకి దూరి నాతో మాట్లాడట్లేదు. నేను మాత్రం ట్రే పక్కన నేలమీద కూర్చుని ఉన్నా, ఆఫీసుకి సెలవు పెట్టి. ఇందాక వచ్చాడు, నన్ను చూసి కోపంగా మొహం తిప్పుకుని కూర్చున్నాడు, చప్పుడు వినపడింది. తర్వాత తీసి చూస్తే రెండు ముద్దలు, పెద్దవి. ఫోటో తీశా, ఇక్కడ పెడితే అసహ్యంగా ఉంటుందా?

సగంనిద్ర | మధ్యాహ్నం 2:40

పెట్టండి పెట్టండి. సైజు తెలిసేలా పక్కన చెంచా పెట్టి తీశారా?